ఒక్క ఆదివారం, 40 యూరోలు: బొలోన్యా నుంచి రవెన్నా

ప్రశ్న: అన్నా, బొలోన్యాలో మాస్టర్స్‌కి ఈమధ్యే వచ్చాను. నవంబరు మొదటి ఆదివారం ఖాళీ దొరికింది. పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేసేలా ఒక పాత ఊరు చూడాలని ఉంది. రూమ్‌మేట్స్ అందరూ వెనిస్ లేదా ఫ్లోరెన్స్ అంటున్నారు. బడ్జెట్ 40 యూరోలు. శాకాహారిని. చరిత్ర పెద్దగా తెలీదు, ఊరికే బిల్డింగుల ముందు ఫొటోలు దిగి రావడం ఇష్టం లేదు. ఎక్కడికి వెళ్ళమంటారు, ఏం చూడమంటారు?

జవాబు:

రవెన్నా వెళ్ళు తమ్ముడూ.

వెనిస్ ఒక్క రోజులో చూసే ఊరు కాదు. పగలంతా జనం మధ్య నడిచి, ఊరు కాస్త ఖాళీ అయ్యే వేళకి నువ్వు రైలెక్కాలి. అక్కడికి ఒక రాత్రి ఉండేలా ఎప్పుడైనా వెళ్ళు. ఫ్లోరెన్స్ హైస్పీడ్ రైల్లో నలభై నిమిషాలే, కాదనను. కానీ నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఉచితం. అక్కడి పేరున్న ఉఫీజీ మ్యూజియం కూడా అందులోదే. అంటే నీ ఆదివారంలో సగం లైన్లోనే అయిపోతుంది. పైగా హైస్పీడ్ టికెట్ ఆఖరి నిమిషంలో కొంటే నీ బడ్జెట్ అక్కడికే సరి. ఫెర్రారా అరగంట దూరం. అది మధ్యాహ్నం క్లాసు లేని రోజు కూడా చూసి రావచ్చు, దానికి ఆదివారం ఖర్చు పెట్టకు.

రవెన్నాకి బొలోన్యా చెంత్రాలే నుంచి నేరుగా రీజనల్ రైళ్ళు ఉన్నాయి. గంటా ఇరవై నిమిషాలు అటూ ఇటూ పడుతుంది. టికెట్ ఒక వైపు 8 యూరోల ప్రాంతం. రీజనల్ టికెట్ ధర ముందు కొన్నా ఆ రోజు కొన్నా ఒకటే కాబట్టి ఆ టెన్షన్ వద్దు. టెన్షన్ పడాల్సింది వేరే దగ్గర. మెషీన్లో కాగితం టికెట్ తీసుకుంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీదున్న చిన్న యంత్రంలో ముద్ర వేయించాలి. యాప్‌లో కొంటే ఎక్కే ముందు ఫోన్లోనే చెక్-ఇన్ నొక్కాలి. టికెట్ కొన్నాం కదా అని కూర్చుంటే, టీసీ వచ్చాక నీ నిజాయితీ ఏమీ పనికిరాదు, ఫైన్ కట్టాల్సిందే. మనవాళ్ళలో కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కువగా దొరికేది ఇక్కడే. ఇంకోటి, బొలోన్యా స్టేషన్ పెద్ద చిక్కు. బోర్డు మీద ప్లాట్‌ఫాం నంబరు పక్కన ఎస్ట్ అనో ఓవెస్ట్ అనో ఉంటే అవి మామూలు ప్లాట్‌ఫాంలకి దూరంగా, చివర్లలో ఉంటాయి. పది నిమిషాలు ముందే వెళ్ళు. ముందు రోజు రాత్రి షోపెరో, అంటే రైల్వే సమ్మె, ఏమైనా ఉందేమో చూసుకో. పనిదినాల్లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 కొన్ని రైళ్ళు తప్పకుండా నడుపుతారు. ఆదివారం ఆ భరోసా లేదు.

ఇక అసలు విషయం. రవెన్నా అనగానే ఎవరైనా చెప్పేది మొజాయిక్‌లు, అంటే చిన్న చిన్న రంగు గాజు, రాతి ముక్కలు గుచ్చి చేసిన గోడ బొమ్మలు, 1996లో యునెస్కో జాబితాలో చేరిన ఎనిమిది కట్టడాలు. నిజమే. కానీ ఎనిమిదీ చూడాలని పరిగెత్తితే సాయంత్రానికి బంగారు రంగు తప్ప ఏమీ గుర్తుండదు. చరిత్ర తెలీదన్నావు కదా, అందుకే ఒక్క మనిషిని పట్టుకుని ఊరంతా తిరగమంటాను. ఆ మనిషి థియోడోరిక్.

వెనకటి కథ కొంచెం. క్రీ.శ. 402లో పశ్చిమ రోమన్ చక్రవర్తి హొనోరియస్ మిలాన్ మీద గోతులు అనే జర్మానిక్ తెగల దాడులకి భయపడి రాజధానిని రవెన్నాకి మార్చాడు. చుట్టూ చిత్తడి నేలలు, పక్కనే క్లాస్సే రేవు, అందులో నౌకాదళం. భూమ్మీద నుంచి శత్రువు రాలేడు, సముద్రం మీద నుంచి సాయం రాగలదు. 476లో ఓడోవాకర్ అనే సేనాని పశ్చిమ రోమన్ చివరి చక్రవర్తిని దించేసి తానే ఇటలీకి రాజయ్యాడు. అతని మీదికి వచ్చినవాడు తూర్పు గోతుల రాజు థియోడోరిక్. చిన్నప్పుడు కాన్‌స్టాంటినోపుల్‌లో బందీగా ఉండి, ఆ రాజసభ మర్యాదలన్నీ చూసి పెరిగినవాడు. ఏళ్ళ తరబడి రవెన్నాని ముట్టడించి, చివరికి ఇద్దరం కలిసి ఏలుకుందామని సంధి కుదుర్చుకుని, 493లో విందుకి పిలిచి ఓడోవాకర్‌ని తన చేత్తోనే నరికాడు. అలా మొదలైన పాలన 526లో అతను చనిపోయేదాకా, ఆ కాలపు లెక్కలో చూస్తే, ప్రశాంతంగానే సాగింది. రోమన్లకి రోమన్ చట్టం, గోతులకి గోతుల చట్టం.

అతనితో వచ్చిన చిక్కు మతం. గోతులు కూడా క్రైస్తవులే, కానీ ఏరియన్ శాఖ. కుమారుడు, అంటే క్రీస్తు, తండ్రి అయిన దేవుడితో సమానుడు కాదని వాళ్ళ నమ్మకం. స్థానికులకి అది మతద్రోహం. అందుకే ఒకే ఊళ్ళో రెండు శాఖలకి వేరు వేరు చర్చిలు, వేరు వేరు బాప్తిస్మ మందిరాలు. 540లో తూర్పు రోమన్, అంటే బైజాంటైన్, చక్రవర్తి జస్టీనియన్ సేనాని బెలిసారియస్ ఊరిని పట్టుకున్నాడు. ఆ తర్వాత ఏం జరిగిందో గోడల మీద కనిపిస్తుంది. ఇంత తెలిస్తే చాలు.

రైలు దిగగానే అందరూ ఎడమా కుడీ చూడకుండా సాన్ విటాలే చర్చి వైపు నడుస్తారు. నువ్వు పట్టాల అవతలి వైపుకి, థియోడోరిక్ సమాధికి వెళ్ళు. నడిస్తే ఇరవై నిమిషాల లోపే. ఇది ప్రభుత్వానిది, కాబట్టి మొదటి ఆదివారం నీకు ఉచితం. మామూలు రోజుల్లో ఇలాంటిచోట 25 ఏళ్ళ లోపు వాళ్ళకి 2 యూరోల టికెట్ అని రాసి ఉంటుంది. అది ఐరోపా సమాఖ్య పౌరులకి, భారతీయ పాస్‌పోర్ట్‌కి వర్తించదు. కౌంటర్ దగ్గర వాదించి లాభం లేదు.

సమాధి ఒక పార్కులో ఒంటరిగా ఉంటుంది. ఆ ఎనిమిదిలో మిగతావన్నీ ఇటుక కట్టడాలు, ఇదొక్కటే రాయి. ఇస్ట్రియా నుంచి సముద్రం మీద తెచ్చిన తెల్ల రాయి. పైకప్పు చూడు, అది ముక్కలుగా పేర్చింది కాదు, ఒకటే రాయి. అడ్డం పది మీటర్ల పైనే, బరువు రెండు వందల టన్నులకి తక్కువ ఉండదు. అంత బండని ఎలా లేపి పెట్టారో పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అంచు చుట్టూ చెవుల్లా పన్నెండు కొమ్ములున్నాయి, వాటి మీద క్రీస్తు శిష్యులైన అపొస్తలుల, సువార్తికుల పేర్లు చెక్కారు. కప్పులో పెద్ద పగులు కూడా కనిపిస్తుంది. పై గదిలో ఎర్రటి పోర్ఫిరీ రాతి తొట్టి ఒకటి ఉంది, ఖాళీగా. శవం ఎప్పుడో పోయింది. లోపల మొజాయిక్ ఏమీ లేదు. చాలామంది ఇది చూసి 'ఇంతేనా' అని వచ్చేస్తారు. నేను మాత్రం రోజు ఇక్కడే మొదలు పెట్టమంటాను. తన పేరు నిలవాలని ఇంత బండ నెత్తిన పెట్టించుకున్న మనిషి ఇతను అని తెలిశాక, ఊళ్ళోకి వెళ్తే ఖాయంగా అతనిదే అని చెప్పగల బొమ్మ ఎక్కడా దొరకదు. ఎందుకు దొరకదో తర్వాతి చోట తెలుస్తుంది.

వెనక్కి వచ్చి వియా ది రోమా వీధిలో సాంత్ అపొల్లినారే నువొవోకి వెళ్ళు. ఇది థియోడోరిక్ తన రాజభవనం పక్కన కట్టించుకున్న చర్చి. ఇక్కడ టికెట్ కావాలి. ఈ చర్చి, సాన్ విటాలే, గల్లా ప్లాచిదియా సమాధి, నియోన్ బాప్తిస్మ మందిరం, ఆర్చిబిషప్ మ్యూజియం, అయిదూ స్థానిక డయోసీస్, అంటే అక్కడి బిషప్ పాలన, కింద ఉన్నాయి. అన్నిటికీ కలిపి ఒకే టికెట్, పది పదిహేను యూరోల మధ్య. ఇవి ప్రభుత్వానివి కావు కాబట్టి మొదటి ఆదివారం ఉచితం ఇక్కడ చెల్లదు. ఆ ఆశతో వెళ్ళకు. టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకో, ఎందుకంటే గల్లా ప్లాచిదియాకీ బాప్తిస్మ మందిరానికీ టైమ్ స్లాట్ ఎంచుకోవాలి. బాప్తిస్మ మందిరం మధ్యాహ్నం భోజనానికి ముందు, గల్లా ప్లాచిదియా రెండున్నర మూడు ప్రాంతంలో పెట్టుకో. విద్యార్థులకి తగ్గింపు ఉందేమో యూనివర్సిటీ కార్డు చూపించి అడుగు. చలికాలంలో ఇవన్నీ ఆలస్యంగా తెరిచి తొందరగా మూసేస్తారు. నవంబరులో అయిదింటికే చీకటి పడుతుంది. మరీ పొద్దున్నే రావాల్సిన పని లేదు కానీ, మధ్యాహ్నం మాత్రం వృథా చేయకు.

చర్చి లోపలికి వెళ్ళాక పొడవాటి హాలు, రెండు వైపులా స్తంభాలు, వాటి పైన గోడ నిండా మొజాయిక్. ఎడమ వైపు కన్యల ఊరేగింపు, కుడి వైపు అమరవీరుల ఊరేగింపు. అందరూ ఆ ఊరేగింపు చూస్తూ ముందుకి వెళ్ళిపోతారు. నువ్వు ద్వారం దగ్గరే ఆగి కుడి గోడ మొదలు చూడు. ఒక రాజభవనం ఉంటుంది, దాని మీద పలాతియుం అని రాసి ఉంటుంది. స్తంభాల మధ్య తెల్లని తెరలు ముడేసి వేలాడుతుంటాయి. ఆ తెరల చోట ఒకప్పుడు మనుషులున్నారు. థియోడోరిక్, అతని సభ అయ్యుండాలి. బైజాంటైన్ వాళ్ళు వచ్చాక 560ల ప్రాంతంలో బిషప్ అగ్నెల్లుస్ చర్చిని తమ శాఖకి మార్చుకుని, ఆ మనుషుల్ని గోడ మీద నుంచి పీకించి తెరలు పెట్టించాడు. పని చేసినవాళ్ళు స్తంభాల జోలికి పోలేదు. తెల్ల స్తంభాల మీద జాగ్రత్తగా వెతుకు. అక్కడక్కడా ఒక చెయ్యి, ఒక మణికట్టు, కొన్ని వేళ్ళు మిగిలిపోయి ఉంటాయి. మనిషి లేడు, చెయ్యి ఉంది. ఎదురు గోడ మీద క్లాస్సే రేవు పట్టణం బొమ్మలోనూ కోటగోడ ముందు ఇలాగే మనుషుల్ని తుడిచేసిన జాడలు ఉన్నాయి. ఊరేగింపులు కూడా ఆ మార్పుల్లో వచ్చినవే. అన్నిటికన్నా పైన, కిటికీల మీద వరుసలో ఉన్న క్రీస్తు జీవిత ఘట్టాలు మాత్రం థియోడోరిక్ కాలానివి, వాటిని ముట్టుకోలేదు.

అరగంట ఇవ్వు ఈ చర్చికి. నా లెక్కలో రవెన్నాలో అన్నిటికన్నా గొప్పది ఇదే. సాన్ విటాలే ఇంతకన్నా అందమైనదని అందరూ ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. అయినా సరే.

అక్కడి నుంచి కాస్త నడిస్తే ఇటలీ మహాకవి డాంటే సమాధి. చిన్న తెల్లటి గుడి లాంటి గది, ఉచితం. డాంటేని 1302లో ఫ్లోరెన్స్ వెళ్ళగొట్టింది, మళ్ళీ ఆ ఊరి మొహం చూడలేదు. 1321 సెప్టెంబరులో ఇక్కడే చనిపోయాడు. తర్వాత ఫ్లోరెన్స్‌కి బుద్ధొచ్చి ఎముకలు మాకివ్వండని అడిగింది. 1519లో ఫ్లోరెన్స్‌ని ఏలే మెదీచీ వంశపు పోపు అనుమతితో మనుషులు వచ్చి సమాధి తెరిస్తే లోపల ఏమీ లేదు. పక్కనున్న ఫ్రాన్సిస్కన్ సన్యాసులు గోడకి కన్నం పెట్టి ముందే దాచేశారు. ఆ పెట్టె మరమ్మతుల్లో అనుకోకుండా బయటపడింది 1865లో. ఫ్లోరెన్స్‌లో సాంతా క్రోచే చర్చిలో నువ్వు చూడబోయే డాంటే సమాధి ఉత్తదే. ఇక్కడి దీపంలో నూనె మాత్రం ఏటా సెప్టెంబరులో ఫ్లోరెన్స్ వాళ్ళే తెచ్చి పోస్తారు. పక్కనే సాన్ ఫ్రాంచెస్కో చర్చి ఉంది. వేదిక కింది నేలమాళిగలో ఊట నీళ్ళు నిండి ఉంటాయి, అడుగున పాత మొజాయిక్, పైన చేపలు ఈదుతుంటాయి. నాణెం వేస్తే లైటు వెలుగుతుంది. ఊరు మెల్లగా నేలలోకి దిగుతోందని ఇంతకన్నా తేలిగ్గా ఎక్కడా అర్థం కాదు.

తర్వాత నియోన్ బాప్తిస్మ మందిరం. లోపల తల పైకెత్తితే గుమ్మటం మధ్యలో క్రీస్తు బాప్తిస్మం. నదిలో నడుము లోతు నీళ్ళలో ఆయన, పక్కన నీళ్ళలోంచి తల, భుజాలు పైకెత్తి గుడ్డ పట్టుకున్న ముసలాయన ఒకడు. ఆ ముసలాయన జోర్డాన్ నది. మన గుళ్ళ ద్వారాల దగ్గర గంగ, యమున మనుషుల్లా నిలబడతారు చూడు, అలాగే. గ్రీకు రోమన్ దేవతల అలవాటు క్రైస్తవంలోకి ఇంకా పోకుండా వచ్చేసింది. టైమ్ ఉంటే గోతుల బాప్తిస్మ మందిరం కూడా చూడు, దానికి ఆ అయిదింటి టికెట్ చెల్లదు. అదే బొమ్మ, అదే పన్నెండు మంది అపొస్తలులు. అక్కడ జోర్డాన్ తల మీద పీత గోళ్ళు ఉంటాయి. తండ్రి గొప్పా, కొడుకు సమానమా అని కొట్టుకున్న రెండు శాఖలు గీయించుకున్న బొమ్మ ఇంచుమించు ఒకటే కావడం చూస్తే నవ్వొస్తుంది.

భోజనం. ఈ ప్రాంతపు తిండి పియదీనా, మన పుల్కా కన్నా మందంగా ఉండే రొట్టె, మడిచి లోపల ఏదైనా పెట్టిస్తారు. శాకాహారివి కాబట్టి ఒక్కటి గుర్తు పెట్టుకో, పాతకాలపు పద్ధతిలో పిండి స్ట్రుత్తోతో కలుపుతారు. అది పంది కొవ్వు. లోపల ఆకులు, చీజ్ మాత్రమే పెట్టించుకుని శాకాహారం తిన్నామనుకునే మనవాళ్ళు చాలామంది. చాలాచోట్ల ఆలివ్ నూనెతో చేసింది కూడా ఉంటుంది. 'కొన్ ఓలియో, సెన్సా స్ట్రుత్తో' అని అడుగు, ఏమీ అనుకోరు. లోపలికి స్క్వాక్వెరోనె అనే జారుడు చీజ్, రూకొలా ఆకు బాగుంటాయి. చీజ్‌లో పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారని పట్టింపు ఉంటే కాల్చిన కూరగాయలతో తీసుకో. కప్పెల్లెత్తి సూప్ జోలికి పోకు. లోపల చీజ్ అని చెప్పినా, ఆ నీళ్ళు మాంసం ఉడికించినవే. నిలబడి తినే కొట్టులో ఆరేడు యూరోల్లో అయిపోతుంది. కూర్చుంటే కొపెర్తో అని మనిషికి ఇంత వేస్తారు, అది మోసం కాదు, మెనూలోనే రాసి ఉంటుంది. కాఫీ బార్ దగ్గర నిలబడి తాగు.

మధ్యాహ్నం సాన్ విటాలే ఆవరణ. మొదట గల్లా ప్లాచిదియా. బయట నుంచి చూస్తే చిన్న ఇటుక కొట్టం. పేరు హొనోరియస్ సవతి చెల్లెలిది. 410లో రోమ్‌ని దోచుకున్న గోతులు ఆమెను ఎత్తుకెళ్ళారు, వాళ్ళ రాజునే పెళ్ళాడింది, అతను హత్యకి గురయ్యాక తిరిగొచ్చి రోమన్ సేనానిని పెళ్ళాడింది, చిన్నవాడైన కొడుకు పేరు మీద సామ్రాజ్యాన్ని ఏలింది. 450లో రోమ్‌లో చనిపోయింది కాబట్టి ఇక్కడ పూడ్చి ఉండకపోవచ్చు. లోపల కొద్ది నిమిషాలే ఉండనిస్తారు. అందుకే ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళు. కిటికీలకి అద్దాలు కాదు, పలచని అలబాస్టర్ రాతి పలకలు, వాటిలోంచి తేనెరంగు వెలుతురు వస్తుంది. కళ్ళు చీకటికి అలవాటు పడడానికే ఒక నిమిషం పడుతుంది. స్క్రీన్ చూశావో, మళ్ళీ మొదటికే. కళ్ళు అలవాటు పడ్డాక ముదురు నీలం కప్పు, వందల బంగారు నక్షత్రాలు, మధ్యలో శిలువ కనిపిస్తాయి.

మొజాయిక్ ఎలా పని చేస్తుందో తెలిస్తే చూపు మారుతుంది. బంగారు ముక్క అంటే గాజు మీద బంగారు రేకు, దాని మీద మళ్ళీ పలచని గాజు. వాటిని తడి సున్నంలో ఒకే మట్టంగా కాకుండా కొంచెం కొంచెం వాలుగా గుచ్చుతారు. అందుకే ఒక్కచోట నిలబడకు. రెండడుగులు పక్కకి జరుగు, తల వంచు. ఒకచోట బంగారం ఆరిపోయి ఇంకోచోట వెలుగుతుంది. ఫొటోలో ఇది రాదు.

ఇక చివరగా సాన్ విటాలే. ఎనిమిది పలకల కట్టడం. గోతుల కాలంలోనే మొదలైంది, జస్టీనియన్ మనుషులు వచ్చాక 547లో పూర్తయి ప్రతిష్ఠ జరిగింది. ఖర్చు యూలియానుస్ అనే షావుకారు పెట్టుకున్నాడు, 26,000 బంగారు నాణేలు. వేదిక దగ్గర ఎడమ వైపు జస్టీనియన్, పక్కన బిషప్, సైనికులు. ఎదురుగా అతని భార్య థియోడోరా, ఆమె వెంట ఆడవాళ్ళు, ఆమె వస్త్రం అంచు మీద కానుకలు తెచ్చిన ముగ్గురు జ్ఞానులు. జస్టీనియన్ రవెన్నాలో అడుగు పెట్టనే లేదు. ముప్ఫై ఏళ్ళకి పైగా ఇక్కడే ఉండి ఏలిన థియోడోరిక్ చర్చిలో తెర వేలాడుతుంటే, ఊరే చూడని జస్టీనియన్ ఇక్కడ నిండు వెలుగులో నీ కళ్ళలోకి చూస్తుంటాడు. పొద్దున ఖాళీ తొట్టి చూసి రాకపోతే ఈ బొమ్మ ఉత్త అందంగానే ఉంటుంది. మనుషులందరిలో పేరు రాసి ఉన్నది ఒక్క బిషప్ మాక్సిమియానుస్‌కే, చక్రవర్తికి కూడా లేదు. ఎవరు గీయించారో ఊహించుకో. పైన గుమ్మటంలోని రంగుల బొమ్మలు 18వ శతాబ్దపువి, వాటి మీద సమయం పెట్టకు.

ఇంకా ఓపికుంటే పక్కనే ఉన్న జాతీయ మ్యూజియం కూడా మొదటి ఆదివారం ఉచితం. క్లాస్సేలోని సాంత్ అపొల్లినారే చాలా గొప్ప చర్చి, 549 నాటిది, రిమినీ వైపు రైల్లో ఒక్క స్టేషన్. కానీ నవంబరులో ఒక్క రోజులో దాన్ని కూడా ఇరికించకు. వసంతంలో సైకిల్ తీసుకుని ఇంకోసారి వెళ్ళు.

లెక్క చూస్తే రైలు రానూపోనూ 16, టికెట్ మహా అయితే 15, పియదీనా 7, కాఫీ ఒకటిన్నర. అంటే 40కి చాలా దగ్గరగా వస్తుంది. కాబట్టి తినేది నిలబడే తిను, నీళ్ళ సీసా ఇంటి నుంచి నింపుకుని వెళ్ళు. ఇవి ఇప్పటికీ ప్రార్థన జరిగే చర్చిలు, భుజాలు మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకో. నవంబరు చలికి ఎలాగూ వేసుకుంటావులే. పాస్‌పోర్ట్, పెర్మెస్సో (నివాస అనుమతి) రసీదు దగ్గర పెట్టుకో. ఆదివారం సాయంత్రం రైళ్ళు తక్కువ, కొన్ని నేరుగా రావు, మారాలి. సాన్ విటాలే నుంచి స్టేషన్‌కి పావుగంట నడక, ఏ రైలుకి రావాలో పొద్దునే చూసి పెట్టుకో. తిరుగు టికెట్‌కి కూడా విడిగా చెక్-ఇన్ చేయాలి.